ఓవర్‌క్లాక్ చేశాక తెర వెలగని కంప్యూటర్: విప్పే ముందు చేయవలసినవి

తమ్ముడూ, మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, నా సమాధానమంతా వాటి మీదే ఆధారపడి ఉంది. బెంగళూరు మారతహళ్లిలోని పీజీ గదిలో మీ దగ్గర ఉన్నది రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 3200 వేగానికి అమ్మిన రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు, విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు. శనివారం రాత్రి ఓవర్‌క్లాక్ కోసం, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపడానికి, బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి ప్రాసెసర్‌ను అన్ని కోర్ల మీదా 4.7 గిగాహెర్ట్జ్‌కు, దాని వోల్టేజిని 1.38కి, ర్యామ్‌ను 3800కి, ప్రాసెసర్ లోపలి దారైన ఫ్యాబ్రిక్‌ను 1900కి, ర్యామ్ వోల్టేజిని 1.40కి ఒకేసారి మార్చి సేవ్ చేశారు. అప్పటినుంచి ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ తెర మీద ఏమీ రావడం లేదు, కీబోర్డు దీపాలు వెలగడం లేదు, బోర్డు అంచున డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న దీపం మాత్రం ఆరకుండా వెలుగుతోంది. పది పదిహేనుసార్లు ఆన్, ఆఫ్ చేసి చూశారు. మిత్రుడు ప్రాసెసర్ కాలిపోయిందన్నాడు, ఫోన్‌లో అడిగితే దుకాణంవారు బోర్డు మార్చాలన్నారు. సోమవారం పొద్దున ఆఫీసు పని దీని మీదే చేయాలి.

కాలిపోలేదనే నేను గట్టిగా నమ్ముతున్నాను, ఆ నమ్మకానికి కారణం ఆ చిన్న దీపమే. బోర్డు మీద సాధారణంగా నాలుగు దీపాలు ఉంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. కంప్యూటర్ లేచేటప్పుడు ఏ దశను పరీక్షిస్తుందో ఆ దీపం వెలిగి, ఆ దశ దాటగానే ఆరిపోతుంది. మీ యంత్రం సీపీయూ దశను దాటి, ర్యామ్‌తో మాట కలపడానికి ప్రయత్నిస్తూ అక్కడే నిలిచిపోయింది. కాలిపోయిన ప్రాసెసర్ ఆ దశ దాకా రావడం చాలా అరుదు. పైగా మీరు పెట్టిన 1.38, 1.40 వోల్టులు, నెలల తరబడి వాడడానికి మంచివని నేను అనకపోయినా, ఒక్క రాత్రిలో భాగాలను చంపేంతవి కావు. డీడీఆర్4 ర్యామ్‌లలో ఎక్స్ఎంపీ ప్రొఫైల్ (కంపెనీ ముందే రాసిపెట్టిన వేగం, వోల్టేజి సెట్టింగులు) ఉన్నవి చాలావరకు కంపెనీ నుంచే 1.35 వోల్టులతో వస్తాయి.

అసలు చిక్కు 3800 అనే అంకె దగ్గర ఉందని నా అంచనా. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్ స్పందనకు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 3800 అంటే అసలు క్లాక్ 1900 మెగాహెర్ట్జ్. మీ ప్రాసెసర్‌లో కోర్లు ఉన్న ముక్క వేరు, మెమరీ కంట్రోలర్ ఉన్న ముక్క వేరు, ఆ రెండింటినీ కలిపే దారిని ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అంటారు. ర్యామ్ క్లాక్, ఫ్యాబ్రిక్ క్లాక్ సమానంగా నడిస్తేనే ఫలితం బాగుంటుంది. 1800 దగ్గర ఈ తరం ప్రాసెసర్లు దాదాపు అన్నీ నిలబడతాయి, 1900 దగ్గర మాత్రం కొన్నింటికి తెరే రాదు. అది చిప్ లోపం కాదు, దాని హద్దు. ఒకే మోడల్‌కు చెందిన రెండు చిప్‌లు కూడా ఈ విషయంలో ఒకలా ప్రవర్తించవు.

ఇప్పుడు అందరూ మీకు చెప్పే మాట సీమాస్ క్లియర్ చేయమని, అంటే బయాస్ సెట్టింగులను చెరిపి మొదటికి తెమ్మని. నేనూ అదే చెబుతాను, కానీ దానికి ముందు ఒక పని ఉంది, దాన్ని దాటవేయడం వల్ల బాగున్న కంప్యూటర్ల ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నవారిని నేను చూశాను. మీది విండోస్ 11 అయి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవుతుంటే, మీకు తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే దానికి తాళం పడి, ఉండవచ్చు. బయాస్ సెట్టింగులు మొదటికి వచ్చాక ఆ తాళాన్ని కాపాడే భద్రతా భాగమైన టీపీఎమ్ పరిస్థితి మారిందని విండోస్‌కు అనిపిస్తే, అది తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అందువల్ల ఇప్పుడే ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, అందులో రికవరీ కీ ఉందేమో చూసి, ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆఫీసు ఖాతాతో లాగిన్ అయిన యంత్రమైతే కీ మీ ఐటీ విభాగం దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, కనుక వారిని ఇవాళే అడగండి. తర్వాత బోర్డు మొదటిసారి లేచినప్పుడు, ఎఫ్‌టీపీఎమ్ (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎమ్) మారిందని, రీసెట్ చేయడానికి వై, పాతదాన్ని ఉంచడానికి ఎన్ నొక్కమని నల్ల తెర మీద ఒక సందేశం రావచ్చు. కంగారులో వై నొక్కకండి. ఎన్ నొక్కండి.

ఇక సీమాస్ సంగతి. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్ ఆపి, గోడ ప్లగ్ నుంచి వైరు పూర్తిగా తీసేయండి. స్విచ్ ఆపితే చాలదా అని చాలామంది అడుగుతారు. మన పీజీ గదుల్లో చాలా సాకెట్లకు ఎర్త్ సరిగా ఉండదు, కేబినెట్ అంచును వేలితో తాకితే చిమచిమలాడడం మీరూ గమనించే ఉంటారు, కాబట్టి వైరు తీయడమే క్షేమం. వైరు తీశాక ముందరి పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఫ్యాన్లు ఒక్క క్షణం కదిలి ఆగవచ్చు, బోర్డు మీద ఏదైనా దీపం వెలుగుతూ ఉంటే అది మెల్లగా మసకబారి ఆరిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోయిందనడానికి అదే గుర్తు. ఆ దీపం ఆరకముందే బోర్డు మీద చేయి పెట్టకండి.

జంపర్ పిన్నులు రెండు ఉంటాయి, వాటి పక్కన జేబ్యాట్1 అనో, సీఎల్ఆర్ సీమాస్ అనో, సీఎల్ఆర్‌టీసీ అనో సన్నని అక్షరాలతో రాసి ఉంటుంది. ఎక్కువగా బోర్డు కింది అంచున ఉంటాయి గానీ, పొడవాటి గ్రాఫిక్స్ కార్డు వాటిని కప్పేస్తుంది, అప్పుడు కార్డు తీయక తప్పదు. ఫోన్ టార్చి వెలుగులో పిన్నులను గుర్తించాక, చిన్న స్క్రూడ్రైవర్ కొనను ఆ రెండింటికీ ఒకేసారి తగిలేలా ఆనించి పది సెకన్లు కదలకుండా ఉంచండి. చేయి వణికి కొన పక్క పిన్నుల మీదికి జారకుండా మణికట్టును కేబినెట్ అంచు మీద ఆనించుకోవడం నేను ఇప్పటికీ పాటించే అలవాటు. బోర్డు వెనుక ప్యానెల్ మీద దీనికోసమే బటన్ ఉంటే ఇంత శ్రమ లేదు. బ్యాటరీ తీసి పెట్టడం కూడా ఒక మార్గమే. అయితే కొన్ని కొత్త బోర్డుల్లో సెట్టింగులు ఫ్లాష్ చిప్‌లో ఉండిపోతాయి కాబట్టి బ్యాటరీ తీసినా అవి పోవు, జంపర్ షార్ట్ చేస్తేనే పోతాయి. బోర్డు నాలుగైదేళ్ల పాతదైతే ఎలాగూ ఆ సీఆర్2032 బ్యాటరీని మార్చేయండి, కంప్యూటర్ భాగాలు అమ్మే ఎస్పీ రోడ్డు దాకా వెళ్లనక్కర్లేదు, వాచీలు బాగుచేసే దుకాణంలోనూ దొరుకుతుంది.

తర్వాతి దశలో ఎక్కువమంది తొందరపడి తప్పు చేస్తారు. సీమాస్ క్లియర్ చేసి ఆన్ చేయగానే తెర వస్తుందని ఆశిస్తారు, ఇరవై సెకన్లలో రాకపోతే మళ్లీ పవర్ బటన్ నొక్కేస్తారు. అయితే సెట్టింగులు పోయిన బోర్డు ర్యామ్‌ను మళ్లీ మొదటినుంచి పరిచయం చేసుకోవాలి. ఒక్కో తీగ మీద సంకేతం ఎంత ఆలస్యంగా వస్తోంది, ఏ వోల్టేజి దగ్గర స్పష్టంగా చదవగలుగుతోంది అని కొలిచి సర్దుకునే ఈ పనిని మెమరీ ట్రైనింగ్ అంటారు. మధ్యలో యంత్రం తనంతట తానే ఆరి మళ్లీ వెలగవచ్చు, అది కూడా ఆ ప్రయత్నంలో భాగమే. మీ డీడీఆర్4కు ఇది సాధారణంగా నిమిషం లోపల ముగుస్తుంది, డీడీఆర్5 ర్యామ్ వాడే కొత్త తరం ఏఎం5 బోర్డుల్లో అయితే మొదటిసారి అనేక నిమిషాలు పట్టడం మామూలే. మీరు బటన్ నొక్కి దాన్ని మధ్యలో ఆపిన ప్రతిసారీ ఆ పని మళ్లీ మొదలవుతుంది. అందుకే గడియారం చూసుకుని పది నిమిషాలు దాన్ని ముట్టుకోకండి, ఆ సమయంలో ఏ దీపం ఎంతసేపు వెలిగిందో రాసుకోండి.

రెండేళ్ల క్రితం కెంగేరి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి డీడీఆర్5 బోర్డును వార్తాపత్రికలో చుట్టి నా దగ్గరకు తెచ్చాడు. రెండు దుకాణాలలో చూపించాడట, రెండు చోట్లా బోర్డు పోయిందనే చెప్పారట. అనంతపురంలో నాన్న అప్పు చేసి కొనిచ్చిన కంప్యూటర్ అది, ఇంటికి ఎలా చెప్పాలో తెలియక వారం రోజులుగా నిద్రపోలేదు. బెంచ్ మీద పెట్టి, సీమాస్ క్లియర్ చేసి, ఒక్క ర్యామ్ పెట్టి ఆన్ చేసి, పక్కన కూర్చోమన్నాను. రెండు నిమిషాలు గడిచాయి, మూడు గడిచాయి, వాడి చేయి రెండుసార్లు బటన్ వైపు వెళ్లింది, రెండుసార్లూ నేను ఆపాను. నాలుగో నిమిషం దాటాక తెర వెలిగింది. అంతకుముందు చూసిన ఎవరూ అంతసేపు ఆగలేదు, అంతే తేడా. ఆ రోజు నుంచి, నో డిస్‌ప్లే అని నా దగ్గరకు వచ్చే ఏ బోర్డునైనా పది నిమిషాలు చూడకుండా పోయిందని అనడం మానేశాను.

పది నిమిషాల తర్వాత కూడా డీర్యామ్ దీపమే వెలుగుతుంటే, మళ్లీ వైరు తీసి, రెండు ర్యామ్‌లలో ఒకదాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. మిగిలినదాన్ని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో, అంటే ఏ2లో పెట్టండి. స్లాట్ చివరి క్లిప్ టక్కుమని పడేదాకా రెండు వైపులా సమంగా నొక్కాలి, సగం కూర్చున్న ర్యామ్ అచ్చం చచ్చిన ర్యామ్ లాగే కనిపిస్తుంది. లేవకపోతే రెండోదానితో అదే స్లాట్‌లో ప్రయత్నించండి, ప్రతిసారీ సీమాస్ క్లియర్ చేసి, ప్రతిసారీ ఆగి. ర్యామ్ బంగారు అంచులను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అందరూ చేసేదే, దానితో యంత్రాలు లేవడమూ నిజమే. అయితే ఆ రబ్బరు పొడి స్లాట్‌లోకి రాలి కొత్త తంటా తెచ్చిపెట్టడం నేను చాలాసార్లు చూశాను కాబట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో తుడవడమే మేలని నా అభిప్రాయం.

ఇదే సమయంలో మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో కూడా చూసుకోండి. మీ 5600లో లోపలి గ్రాఫిక్స్ లేదు, కనుక కంగారులో కేబుల్‌ను మదర్‌బోర్డు వెనుక ఉన్న హెచ్‌డీఎంఐలో పెట్టి ఉంటే, యంత్రం నిక్షేపంగా లేచినా తెర నల్లగానే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట తప్పకుండా వినండి: ప్రాసెసర్‌ను ఇప్పుడే బయటికి తీయకండి. పిన్నులు వంగాయేమో చూద్దామని అనిపిస్తుంది. కానీ పెట్టిన చోట నుంచి కదలని ప్రాసెసర్ పిన్నులు బయాస్‌లో అంకెలు మార్చినందువల్ల వంగవు. మీ ప్రాసెసర్‌కు పిన్నులు అడుగు భాగాన ఉంటాయి, సాకెట్ వాటిని పక్క నుంచి మాత్రమే పట్టుకుంటుంది. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్యనున్న పేస్టు ఏళ్ల తరబడి ఎండి గట్టిపడితే, చల్లగా ఉన్న కూలర్‌ను నేరుగా పైకి లాగినప్పుడు ప్రాసెసర్ దానికి అతుక్కుని, లాక్ వేసి ఉన్న సాకెట్‌లోంచే ఊడి వస్తుంది. నా తొలి రోజుల్లో ఒక ఖాతాదారు యంత్రంలో నా చేతుల్లోనే అలా జరిగింది, మూల వరుసలో పదకొండు పిన్నులు వంగాయి, వాటిని భూతద్దం కింద ఒక్కొక్కటిగా నిలబెట్టడానికి రాత్రంతా పట్టింది, రెండు విరిగాయి, కొత్త ప్రాసెసర్ నా డబ్బుతో కొనిచ్చాను. ఎప్పుడైనా తీయవలసి వస్తే యంత్రాన్ని పదిహేను నిమిషాలు నడిపి వేడి చేశాక, కూలర్‌ను ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పి, పేస్టు పట్టు వదిలిందని తెలిశాకే ఎత్తాలి. నడవని యంత్రాన్ని ఆ విధంగా వేడి చేయలేం, కాబట్టి ఆ పని చివరికి వదిలేయండి.

ఇంకా లేవకపోతే మిగిలేవి కొన్నే. ప్రాసెసర్ పక్కన పై మూలలో ఉన్న 8 పిన్నుల పవర్ కనెక్టర్‌ను ఒకసారి తీసి పెట్టండి. మీ బోర్డుకు బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే, ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో తయారీదారు చెప్పిన పేరుతో బయాస్ ఫైల్ పెట్టి, దాన్ని మళ్లీ ఎక్కించవచ్చు. ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోకూడదు. పీజీలో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ రెండు మూడు సెకన్లు చాలు బోర్డును నిజంగా చెడగొట్టడానికి. యూపీఎస్ మీద పెట్టి మాత్రమే చేయండి. ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం ఉంటే విప్పకుండా, మిత్రుడి ఎస్‌ఎంపీఎస్‌ను అరువు తెచ్చి, దానితోపాటు వచ్చిన కేబుళ్లతోనే పరీక్షించండి. ఒక కంపెనీ మాడ్యులర్ కేబుల్ ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు సరిపోయినట్టు కనిపించినా లోపల వైర్ల క్రమం వేరుగా ఉండి డిస్కులను కాల్చేస్తుంది.

తెర వచ్చాక ఊపిరి పీల్చుకోండి గానీ, నేరుగా విండోస్‌లోకి వెళ్లకండి. బయాస్ మొదటికి వచ్చింది కాబట్టి తేదీ తప్పుగా ఉండవచ్చు, తేదీ తప్పయితే బ్రౌజర్ ఏ సైట్‌నూ నమ్మదు. డిస్కు ఇదివరకు రెయిడ్ (డిస్కులను జట్టుగా వాడే) పద్ధతిలో ఉంటే మళ్లీ అదే పెట్టాలి, లేకపోతే విండోస్ సగంలో నీలి తెర చూపిస్తుంది. ఆఫీసు పనికి డాకర్ గానీ వర్చువల్ మెషీన్లు గానీ వాడుతుంటే, వాటికి కావలసిన ఎస్‌వీఎమ్ మోడ్ ఆఫ్ అయి ఉండే అవకాశం ఉంది, దాన్ని ఆన్ చేయకపోతే సోమవారం పొద్దున ఇంకో కొత్త సమస్య అనుకుంటారు. ర్యామ్ ఎక్స్ఎంపీని మాత్రం ఈ పూట ముట్టుకోకండి, ఆఫీసు పని తక్కువ వేగంలోనూ జరుగుతుంది.

విండోస్ లేచాక ముందు మీ ఫైళ్లను ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. నిలకడ లేని ర్యామ్‌తో యంత్రం కాసేపు నడిచినా, అది తప్పుగా పట్టుకున్న డేటానే డిస్కు మీద రాసి ఉండవచ్చు. అందుకే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో, విండోస్ ఫైళ్లను సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) నడపండి. తర్వాత రాత్రి పడుకునేముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి నాలుగు పాస్‌లు పూర్తికానివ్వండి. అందులో ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్ సెట్టింగు పనికిరానట్టే, ఒక్కటే కదా అని సర్దుకుపోకండి.

ఓవర్‌క్లాక్ మానేయమని నేను చెప్పను. చిప్ ఎలా పని చేస్తుందో నాకు తెలిసింది దాని హద్దులు వెతుకుతూనే. కానీ ఐదు అంకెలను ఒకేసారి మార్చినందువల్లే ఏది తప్పో మీకు ఇప్పుడు తెలియడం లేదు. ముందు ర్యామ్‌ను అది అమ్మిన 3200కే ఎక్స్ఎంపీతో పెట్టి రెండు రోజులు వాడండి, ఆ తర్వాత 3600, ఫ్యాబ్రిక్ 1800. మీ ర్యామ్‌లు 3200కు అమ్మినవి కాబట్టి 3600 అందకపోయినా ఆశ్చర్యం లేదు. అది తేలాకే ప్రాసెసర్ జోలికి వెళ్లండి.

ప్రాసెసర్ దగ్గర వోల్టేజి లెక్క ఒకటి మనసులో ఉంచుకోండి. చిప్ తినే శక్తి క్లాక్‌తో నేరుగా పెరుగుతుంది, వోల్టేజితో దాని వర్గంగా పెరుగుతుంది. 1.20 నుంచి 1.38కి పోతే ఆ ఒక్క మార్పుకే సుమారు 32 శాతం, దానికి 4.4 నుంచి 4.7కు పెరిగిన క్లాక్ కలిస్తే సుమారు 41 శాతం ఎక్కువ వేడి. వేగంలో మీకు దక్కేది మాత్రం ఏడు శాతం లోపే. డబ్బాతో వచ్చిన చిన్న కూలర్‌కు ఇది మోయలేని బరువు. బెంగళూరు డిసెంబరు రాత్రి చలిలో పరీక్షల్లో నిలబడిన సెట్టింగు, 34 డిగ్రీల ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కప్పు కింద గదిలో అర్ధగంటకే కూలబడడం ఏటా చూస్తున్నాను. కనుక 4.7 అని గిరిగీసి పెట్టడం కన్నా ప్రాసెసర్ తనంతట తానే వేగం పెంచుకునే పీబీఓను బయాస్‌లో ఆన్ చేసి, వోల్టేజిని సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10తో మొదలుపెట్టండి. అక్కడ ఒక్కో అంకె మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు తగ్గించినట్టు లెక్క, అంటే వోల్టేజి పెంచకుండా తగ్గిస్తూనే వేగం రాబట్టే దారి అది. మరీ దిగువకు తోస్తే భారీ పరీక్షల్లో కాకుండా, ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు యంత్రం రీస్టార్ట్ అవుతుంది. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ అనే హార్డ్‌వేర్ తప్పుల హెచ్చరికలు వరుసగా కనిపించినా రెండడుగులు వెనక్కి రండి. బాగా పనిచేసిన ప్రతి సెట్టింగునూ బయాస్ ప్రొఫైల్‌గా సేవ్ చేసి, తెరను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఈ రాత్రి సీమాస్ క్లియర్ చేసి, పది నిమిషాలు ఆగి, ఒక్క ర్యామ్‌తో కూడా ప్రయత్నించాక తెర రాకపోతే, నాకు మూడు సంగతులు రాయండి: ఏ దీపం దగ్గర ఎన్ని సెకన్లు ఆగింది, యంత్రం తనంతట తాను ఎన్నిసార్లు ఆరి వెలిగింది, రెండు ర్యామ్‌లతోనూ అదే జరిగిందా లేక ఒకదానితో తేడా ఉందా. బోర్డు పూర్తి మోడల్ పేరు, దాని మీద అతికించిన బయాస్ స్టిక్కర్ ఫోటో కూడా పంపండి. అవి చూశాక కూడా బోర్డు మీదే అనుమానం మిగిలితే నేనే మీ గదికి వస్తాను, అప్పటిదాకా కొత్త బోర్డుకు డబ్బు కట్టకండి.